ముందు రొయ్య, తర్వాత అన్నం

డైటీషియన్‌గా నాకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం మీద ఉన్నాయి. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లో, వాళ్ల ఇంట్లోవాళ్లో రాసినవి. పదేళ్ల కిందట నెల్లూరులో ఈ ఆపరేషన్ మాటెత్తితే సినిమావాళ్ల వ్యవహారం అనుకునేవారు. ఇప్పుడు మా వీధిలోనే ఇద్దరున్నారు. కాబట్టి ఈ సంచిక వాళ్లకే. మిగతావాళ్లు ఏమీ అనుకోకండి, మీ ఉత్తరాలు దాచిపెట్టాను.

ప్రశ్న: నా వయసు 41. కావలి దగ్గర ఒక బడిలో టీచర్ని. ఎనిమిది నెలల కిందట స్లీవ్ సర్జరీ (పొట్టలో చాలా భాగం తీసేసి సన్న గొట్టంలా చేసేది) చేయించుకున్నాను. అప్పుడు 108 కిలోలు, ఇప్పుడు 79. రెండు నెలల నుంచి ముల్లు కదలడం లేదు. కార్బ్స్ (పిండిపదార్థాలు) పూర్తిగా మానేస్తేనే కదులుతుందని మా మరిది చెబితే, నెల నుంచి అన్నం, ఇడ్లీ, పండ్లు, పప్పు అన్నీ ఆపేశాను. గుడ్లు, పనీర్, రోజుకు అయిదు పెద్ద చెంచాల కొబ్బరినూనె, అంతే. మొన్న బడిలో ప్రార్థన జరుగుతుంటే కళ్లు తిరిగి పిల్లల ముందే కూలబడ్డాను. విరేచనం సరిగా కావడం లేదు. దువ్వితే జుట్టు చేతికొస్తోంది. మా అత్తగారేమో ‘నాలుగు మెతుకులు తినమ్మా’ అని ఒకటే పోరు. ఎవరి మాట వినాలి?

జవాబు: మీ అత్తగారి మాటలో సగం వినండి. ఏ సగమో తర్వాత చెబుతాను. ముందు కూలబడ్డ సంగతి చూద్దాం.

కార్బ్స్ మానేయడం వల్లే కళ్లు తిరిగాయని ఉత్తరం చూసి తేల్చేయలేను. నీళ్లు చాలకపోయినా, రక్తం తగ్గినా, బీ12 తగ్గినా తిరుగుతాయి. బీపీ మాత్ర వాడుతున్నారో లేదో మీరు రాయలేదు. వాడుతుంటే, 108 కిలోల మనిషికి రాసిన డోసు 79 కిలోల మనిషికి ఎక్కువ కావచ్చు. ఈ వారంలోనే బీపీ చూపించుకోండి. హీమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పేది), బీ12, విటమిన్ డి, కాల్షియం పరీక్షలు చేయించి, రిపోర్టులు మీ సర్జన్‌కి పంపండి. కావలి నుంచి అంత దూరం ఎవరు పోతారులే అని వాయిదా వేయకండి.

ఇక మీ మరిదిగారి డైట్. ఆ మధ్య మన ఊళ్లలో ఇంటింటా కొబ్బరినూనె, నిమ్మకాయలు పెట్టుకుని ఒక డైట్ నడిచింది కదా, ఇదీ ఆ వరసలోదే. అది మంచిదా చెడ్డదా అన్న తగువు నాకిప్పుడు వద్దు. అది పొట్ట పూర్తిగా ఉన్నవాళ్ల కోసం చెప్పింది. మీకు పొట్టలో ముప్పాతిక వంతు పైనే తీసేశారు. మిగిలింది అరటికాయ లాంటి సన్న గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యే పైభాగం కూడా దాంతోపాటే పోయింది. ఆకలి చంపుకోవడానికి మీరు నూనె తాగాల్సిన పని లేదు, ఆ పని సర్జన్ ఎప్పుడో చేసేశాడు.

పైగా లెక్క చూడండి. పెద్ద చెంచా నూనెలో 120 కేలరీలు. అయిదు చెంచాలంటే 600. ఈ దశలో మీరు రోజంతా తినగలిగేది వెయ్యి, పన్నెండొందల కేలరీలు ఉంటే ఎక్కువ. అందులో సగం నూనెకే పోతోంది. ఈ నెల రోజులూ ముల్లు ఎందుకు కదలలేదో తెలుసుకోవడానికి ఇంక జ్యోతిష్యం అక్కర్లేదు. ఇంకో సంగతి. బరువు వేగంగా తగ్గేవాళ్లలో కొందరికి పిత్తాశయంలో రాళ్లు పుడతాయి. కుడిపక్క డొక్క కింద నొప్పి వచ్చి, అది నూనె పదార్థం తిన్నాక ఎక్కువవుతుంటే స్కానింగ్ చేయించండి, గ్యాస్ మాత్ర వేసుకుని పడుకోకండి.

మరి అన్నం? మాది అల్లూరు పక్క పల్లె. మా నాయన మొలగొలుకుల వరి పండించినవాడు. అన్నాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. కానీ చిన్న గిన్నెలో వంద గ్రాముల అన్నం తీసుకోండి. అందులో కార్బ్స్ 28 గ్రాములు, ప్రోటీన్ రెండున్నర. మీకు రోజుకు కావాల్సిన ప్రోటీన్ 60 నుంచి 80 గ్రాములు. మీ పొట్ట పట్టేదే ఒక గిన్నెడు. ఆ గిన్నెడూ అన్నంతో నింపేస్తే ప్రోటీన్‌కి చోటెక్కడ? కండ కరిగిపోతుంది, జుట్టు రాలుతుంది, బరువు తగ్గినట్టు కనిపిస్తుంది కానీ తగ్గింది కొవ్వు కాదు. అందుకే మేం మొదటి ముద్ద ప్రోటీన్, రెండోది కూర, అన్నం ఆఖరున అని మొత్తుకునేది. అన్నం వరకూ వచ్చేసరికి మీకే చోటుండదు. రెండు మూడు చెంచాలు తింటారు, చాలు అనిపిస్తుంది. కార్బ్స్ వాటంతటవే తగ్గుతాయి, వాటితో యుద్ధం చేయక్కర్లేదు. మీ అత్తగారి నాలుగు మెతుకుల్ని ఆఖరున తినమన్నది అందుకే. ఆవిడ మాటలో మీరు వినాల్సిన సగం అదే.

ఈ సంగతి నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నాననుకోకండి. మా తమ్ముడు రొయ్యల గుంటలు చేస్తాడు. అయిదేళ్ల కిందట వాడికి బైపాస్ సర్జరీ అయింది (గుండెది కాదు, పొట్టది; పొట్టను చిన్న సంచిలా చేసి నేరుగా పేగుకు అతికేది). ఇంట్లోనే డైటీషియన్ ఉండె, ఇంకేం కావాలి. నేను రెచ్చిపోయాను. అన్నం సున్నా, గుడ్డు, గుడ్డు, గుడ్డు. మూడో నెలకే ‘అక్కా, ఇంకోసారి గుడ్డన్నావంటే గుంటలో దూకతా’ అన్నాడు. తర్వాత ఏమీ అనడం మానేశాడు. బుద్ధిగా తింటున్నాడనుకున్నా. రెండో ఏడు ఆరు కిలోలు పెరిగాడు. ఒకరోజు గుంటల దగ్గరికి పోతే షెడ్డులో మేత బస్తాల వెనక మురుకుల ప్యాకెట్లు, బాదంపాల సీసాలు కనబడ్డాయి. పొద్దున్నుంచి ఏరియేటర్ల (గుంట నీళ్లలో గాలి కలిపే మిషన్ల) చుట్టూ తిరిగేవాడికి అన్నం వద్దంటే వాడు చేసింది అదీ. చిన్న పొట్టలో మురుకులు, బిస్కెట్లు, పాలు, జ్యూసులు నిలవవు, జారిపోతాయి. అన్నం నాలుగు చెంచాలకే నిండే పొట్టలో మురుకులు ప్యాకెట్టు ప్యాకెట్టే పడతాయి. అరగంటకు మళ్లీ ఆకలి. అన్నం మాన్పించి నేను వాడికి మురుకులు అలవాటు చేశానన్నమాట.

విచిత్రం ఏమంటే, వాడు టన్నులకు టన్నులు పండించేది రొయ్యలు. అవి లారీ ఎక్కి పోతాయి, ఇంటికి ఒక్కటీ రాదు. రేటు తెలిసినవాడికి తినడానికి చేతులు రావు మరి. ఆ రోజు నేనే గంపలోంచి పది రొయ్యలు ఏరి తూకం వేశాను. 60 కౌంటు సరుకు, అంటే కిలోకి అరవై తూగేవి. పదింటికీ తల, పొట్టు తీస్తే ఎనభై గ్రాముల కండ మిగిలింది. అందులో ప్రోటీన్ 15 గ్రాములకు తక్కువ ఉండదు, కార్బ్స్ దాదాపు లేనట్టే. కాస్త పసుపు, కారం, ఒక చెంచా నూనె వేసి అక్కడే షెడ్డులో వేపి పెట్టాను. ఏడు తినేసరికి వాడికి చాలయింది. మిగిలిన మూడూ నేను తిన్నాను.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. కొబ్బరినూనె తాగడం ఈ రోజే ఆపండి. పొద్దున చిన్న పెసరట్టు, పక్కన ఒక గుడ్డు. ఇంటర్వెల్‌లో చిన్న కప్పు గడ్డపెరుగు. మధ్యాహ్నం డబ్బాలో చేపో, కోడికూరో, గుడ్డో అరచేతిలో పట్టేంత, సొరకాయో బీన్సో ఒక కూర, చివర రెండు మూడు చెంచాల పప్పన్నం. రాత్రికీ ఇదే వరస. సాయంత్రం పావు జామకాయ మెత్తగా నమిలి తినండి, విరేచనానికి మంచిది. ఇలా తింటే కార్బ్స్ రోజుకు 80, 100 గ్రాముల దగ్గర ఉంటాయి. మామూలుగా 130 లోపు ఉంటే తక్కువ కార్బ్ ఆహారం కిందే లెక్క. 50 లోపు దించేది కీటో. మీకు అది వద్దు, చేయాలన్న పట్టుదల ఉంటే మీ డాక్టరు కళ్లముందే చేయండి.

అన్నం బదులు కొర్రలు, రాగులు తింటే కార్బ్స్ ఉండవని ఎవరైనా చెబితే నమ్మొద్దు. వంద గ్రాముల బియ్యంలో 78 ఉంటే, రాగుల్లో 67 దాకా, కొర్రల్లో 60 ఉంటాయి. పీచు ఎక్కువ, నిజమే. అంతమాత్రాన రాగిజావ గ్లాసుల లెక్కన తాగితే అదీ బాదంపాల లాగే జారిపోతుంది.

తింటూ మధ్యలో నీళ్లు తాగే అలవాటు మనందరిదీ. మీరు మానాలి. తిన్న అరగంటకు మొదలుపెట్టి, పీరియడ్‌కి పీరియడ్‌కి మధ్య గుక్కెడు గుక్కెడుగా రోజుకు లీటరున్నర, రెండు లీటర్లు తాగండి. నీళ్లు సయించకపోతే గూడూరు నిమ్మకాయ ఒకటి పిండి ఉప్పేసుకోండి, చక్కెర వద్దు. జుట్టు గురించి మరీ టెన్షన్ పడకండి. ఆపరేషన్ అయిన మూడో నెల నుంచి రాలడం మామూలే, తిరిగి వస్తుంది. మీకు ఎనిమిదో నెలలోనూ అంతగా రాలుతోందంటే ప్రోటీన్, ఐరన్ చాలడం లేదేమోనని నా అనుమానం. కాల్షియం, ఐరన్ మాత్రలు రెండూ ఒకేసారి మింగకండి, రెండు గంటల ఎడం ఉండాలి. టీతో అసలే వద్దు. ‘ఇంకెన్నాళ్లు ఈ మాత్రలు’ అని అడుగుతారని తెలుసు. ఉన్నన్నాళ్లూ.

ప్రశ్న: మాది ఒంగోలు. వయసు 52. చీమకుర్తి వైపు గ్రానైట్ పని. బైపాస్ సర్జరీ అయి ఏడాది అయింది, 34 కిలోలు తగ్గాను. కార్బ్స్ బాగా తగ్గించే తింటాను. షుగర్‌కి మాత్ర ఒకటి ఇంకా వాడుతున్నాను. పోయిన నెల మా అమ్మాయి పెళ్లిలో వియ్యాలవారు తెచ్చిన మలై కాజాలు రెండు తిన్నాను. పావుగంటకు గుండె దడదడ, ఒళ్లంతా చెమట, కడుపులో మెలిపెట్టి బాత్రూముకు పరుగు. అప్పగింతలప్పుడు కారులో పడుకున్నాను. హార్ట్ ఎటాకా? ఇంక జన్మలో స్వీటు తినకూడదా?

జవాబు: అమ్మాయి అప్పగింతలప్పుడు కారులో పడుకోవాల్సి రావడం చదివి బాధేసింది. నవ్వు కూడా వచ్చింది, క్షమించండి. నెల్లూరు మలై కాజా మీద మాకు గర్వం ఎక్కువే కానీ, పాకంలో నానినది రెండు తినడం మీ పొట్టకు మరీ అన్యాయం.

మీరు చెప్పిన లక్షణాలు డంపింగ్ అనే ఇబ్బందికి అచ్చంగా సరిపోతాయి. మామూలు పొట్ట తిండిని పట్టి ఉంచి కొంచెం కొంచెంగా కిందికి వదులుతుంది. బైపాస్‌లో ఆ కాపలా లేదు. చక్కెర పాకం ఒక్కసారిగా పేగులోకి దిగుతుంది. దాన్ని పలచన చేయడానికి పేగు ఒంట్లోని నీటిని తనలోకి లాక్కుంటుంది. అందుకే దడ, చెమట, విరేచనం, అదీ తిన్న పది నిమిషాల నుంచి అరగంటలోపు. ఇంకో రకం కూడా ఉంది. తిన్న గంట నుంచి మూడు గంటల మధ్య వస్తుంది. చక్కెర ఒక్కసారిగా ఎక్కడం చూసి ఇన్సులిన్ అతిగా ఊరి, షుగర్ ధబాలున పడిపోతుంది. వణుకు, చెమట, మాట తడబడటం. అప్పుడు గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగి, కాస్త తేరుకున్నాక ఒక గుడ్డో, పనీర్ ముక్కో తినండి. ఇలా మళ్లీ మళ్లీ అవుతుంటే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

కానీ వయసు 52, షుగర్ ఉంది. ఛాతీలో నొప్పో, బరువో, ఆయాసమో ఉంటే అది డంపింగ్ అని మీకు మీరే తీర్పు చెప్పుకోవద్దు. వెంటనే ఈసీజీ తీయించండి. ఒకసారి ఎటూ గుండె డాక్టరుకు చూపించుకోండి, మనసు నెమ్మదిస్తుంది.

మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది కాజా కాదు, ఆ మాత్ర. పేరు రాయలేదు. పేరు చివర ‘గ్లిఫ్లోజిన్’ అని ఉందేమో చూడండి, డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి. అవి వాడుతూ కార్బ్స్ మరీ తగ్గిస్తే ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పేరుకుని ప్రమాదం కావచ్చు. షుగర్ నార్మల్‌గానే కనిపిస్తుంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఆస్పత్రికి పోయి ముందు ఆ మాత్ర పేరు చెప్పండి. గ్లిమెపిరైడ్ లాంటిదైతే ఇంకో తిప్పలు, తక్కువ తినేవాళ్లకు షుగర్ పడేస్తుంది. ఏదైనా సరే మీ అంతట మీరు ఆపకండి. ‘నేను తినేది ఇంత’ అని డాక్టరుకు కాగితం మీద రాసి చూపించండి, డోసు ఆయన చూసుకుంటాడు. క్వారీలో తిరిగి మోకాళ్లు నొప్పులంటూ డైక్లోఫెనాక్ లాంటివి మెడికల్ షాపులో అడిగి వేసుకోవడం కూడా వద్దు, బైపాస్‌లో అతుకు దగ్గర పుండు పడొచ్చు.

స్వీటు జన్మలో తినకూడదని నేననను. భోజనం చేశాక, ప్రోటీన్ కడుపులో పడ్డాక, చిటికెడు. మనవడి బారసాలకి చూద్దాం.

ప్రశ్న: మాది కందుకూరు. మేం శాకాహారులం, గుడ్డు కూడా తినం. మా అమ్మకు 58 ఏళ్లు, రెండు నెలల కిందట స్లీవ్ చేశారు. ఉప్మా, చపాతీ పెడితే వాంతి చేసుకుంటోంది. చారన్నం మెత్తగా పిసికి పెడితే అదొక్కటే దిగుతోంది. తక్కువ కార్బ్ తినాలంటున్నారు. మాంసం లేకుండా ఎలా?

జవాబు: అమ్మాయీ, ముందు ఒక్కటి చెప్పు. వాంతి ఎప్పుడో ఒకసారా, రోజూనా? తొందరగా తిన్నందుకు, పొడిగా ఉన్నందుకు ఉప్మా, చపాతీ ఈ దశలో చాలామందికి అడ్డం పడతాయి. అది పెద్ద విషయం కాదు, నెలో రెండు నెలలో ఆగి పెట్టు. కానీ నీళ్లు, మజ్జిగ కూడా నిలవకపోతే గొట్టం ఎక్కడో ఇరుకైందేమో సర్జన్ చూడాలి. వాంతులు రోజుల తరబడి సాగితే బీ1 విటమిన్ అయిపోతుంది. చూపు రెండుగా కనబడటం, నడక తూలడం, మాటలు పొంతన లేకపోవడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకు, ఆ రాత్రే ఆస్పత్రికి తీసుకెళ్లి ‘బీ1 ఇంజెక్షన్ కావాలేమో చూడండి’ అని అడుగు. సెలైన్‌లో గ్లూకోజ్ ఎక్కించే ముందే ఈ మాట చెప్పాలి.

ఇక తిండి. శాకాహారానికి తక్కువ కార్బ్ కష్టమే, కాదనను. పప్పు ఉంది కదా అంటారు. వంద గ్రాముల కందిపప్పులో ప్రోటీన్ 22 గ్రాములుంటే కార్బ్స్ దానికి రెట్టింపు పైనే. అయినా చారన్నం కంటే పప్పు వెయ్యి రెట్లు నయం. పెరుగును పలచని గుడ్డలో మూటగట్టి రాత్రంతా వేలాడదీయి, నీరు దిగిపోయాక మిగిలే ముద్దలో ప్రోటీన్ మామూలు పెరుగుకు రెట్టింపు ఉంటుంది. జీలకర్ర పొడి, ఉప్పు వేసి పెట్టు. పనీర్ ఇంట్లోనే విరగ్గొట్టి, మెత్తగా చిదిమి, చారులో కలుపు. మీల్ మేకర్ ఇప్పుడే వద్దు, తర్వాత నానబెట్టి మిక్సీలో పొడిపొడిగా తిప్పి వాడొచ్చు. ఇవన్నీ చేసినా ఈ దశలో 60 గ్రాములు రావు. అందుకే చక్కెర కలపని వే ప్రోటీన్ పొడి వాడండి, అది పాలనుంచి తీసేదే, మీ నియమానికి భంగం లేదు. ఏ బ్రాండన్నది మీ డాక్టరు చెప్పినట్టు. చారన్నం పూర్తిగా లాగేయకు. పనీర్ చారు నాలుగు చెంచాలు తిన్నాక రెండు చెంచాలు పెట్టు.

ప్రశ్న: నెల్లూరు, మూలాపేట. స్లీవ్ అయి అయిదు నెలలు. ఒక్కటే ప్రశ్న. చేపల పులుసు తినొచ్చా? అన్నం లేకుండా పులుసేంటని మా ఆవిడ నవ్వుతోంది.

జవాబు: తినండి. వంద గ్రాముల చేప ముక్కలో 18, 20 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. కొరమీనైతే ముళ్లు తక్కువ. బొచ్చెలో సన్నముళ్లు ఎక్కువ, నిదానంగా ఏరుకోవాలి. ఆ ఏరుకోవడమే మీకు మంచిది, ముద్దకీ ముద్దకీ మధ్య వ్యవధి దొరుకుతుంది. నూనె తేలిన పైభాగం పక్కకు తీసి, కారం కాస్త తగ్గించమని మీ ఆవిడకు చెప్పండి. మామిడికాయ ముక్క నంజుకుంటే తప్పేం లేదు. రెండో రోజు పులుసైతే మరీ మంచిది, దాని రుచి మీకు నేను చెప్పాలా.

నవ్వేవాళ్ల సంగతంటారా, మా ఇంట్లోనూ అదే జరిగింది. తమ్ముడికి గిన్నెలో రెండు కొరమీను ముక్కలు, కాసింత పులుసు పోసి ఇస్తే మా అమ్మ చూసి, ‘మందు మాదిరి గిన్నెలో పోసిస్తావేందే’ అని నా మీద కోప్పడింది. వాడు ముక్కలు రెండూ తిని, గిన్నె అడుగున మిగిలిన పులుసుకేసి చూస్తూ కూర్చున్నాడు. మా అమ్మ వంటింట్లోకి పోయి, రెండు వేళ్లతో ఇంత అన్నం తెచ్చి అందులో కలిపింది. మూడు ముద్దలైంది. నేను ఫోను చూసుకుంటున్నట్టు కూర్చున్నా.